పాట మధ్యలో హ్యాంగ్

కంప్యూటర్ రోజూ ఆగితే నయం, కారణం దొరుకుతది. ఎప్పుడో ఒకసారి ఆగేదే ప్రాణం తీస్తది. మోర్తాడ్‌లో మా ఇంటి గదిలో నాయనమ్మ బతుకమ్మ పాటలు రికార్డు చేస్తున్న. ఆమెకు ఎనభై దాటినయ్, ఒక్క పాటకే ఆయాసం. చివరి చరణాల్లో స్క్రీన్ బిగుసుకుపోయేది, మౌస్ కూడా కదలదు. "మల్ల పాడాల్నా బిడ్డా?" అనేది.

దోస్తులు "బఫర్ పెంచురా" అన్నరు. 44,100 హెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్లంటే సుమారు 5.8 మిల్లీసెకన్లు. అది చాలకపోతే గొంతులో చిటపటలొస్తయి. మెషీన్ మొత్తం ఆగుడు మాత్రం వేరే రోగం. ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్-పవర్ 41' అని ఒక్కటే కనిపించింది. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని దానర్థం. ఎందుకో చెప్పదు. పోస్ట్‌మార్టం రిపోర్టులో 'చనిపోయాడు' అని రాసినట్టు!

పొలం మోటర్లతో వోల్టేజీ ఊగుతదని యూపీఎస్ మీద నడిపించిన, అయినా ఆగింది. ప్రాసెసర్ వేడి మామూలే. ఇక ర్యామ్ స్టిక్కులను ఒక్కొక్కటిగా పెట్టి, రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపిన. రెండోదాంట్లో తెల్లారేసరికి ఎర్రర్ల వరస. డప్పు, తబలా శాంపిళ్లన్నీ ర్యామ్‌లోకే ఎక్కుతయి కద, ప్రాజెక్టు పెద్దదైతేనే ఆ పాడైన చోటు తగిలేది. బ్రౌజర్‌తో ఏనాడూ ఆగలే.

ఆ స్టిక్ తీసేస్తే మిగిలింది 8 జీబీ. అందుకే ఇప్పుడు డప్పు ట్రాక్‌ను సాఫ్ట్‌వేర్‌లో నేనే 'ఫ్రీజ్' చేస్తున్న, అంటే ఆడియోగా మార్చి మెమరీ మిగిలించుడు. పండుగకు ముందే ఇంకో నాలుగు పాటలు కావాలె. నాయనమ్మ పొద్దున పూటే పాడుతనంటది.