సంగటి ఎవరు కెలుకుతున్నారు?

క్రియాటినిన్ దిగిందంటే మా డయాలిసిస్ వార్డు బయట బెంచీల మీద పండగే. మదనపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లకు, పుంగనూరు బస్సు దిగి వచ్చేవాళ్లకు ఆ ఒక్క అంకె నోటికి వచ్చు. బీపీ ఎంతో గుర్తుండదు గానీ పోయిన నెల 9, ఈ నెల 6.5 అని ఠక్కున చెబుతారు. "దిగింది కదా మేడమ్, మంచిదే కదా?" అని అడిగితే అవునని తలూపడం ఎంతసేపు! ఫిజియోథెరపిస్టుగా నేను ఆ వార్డులో నేర్చుకున్నది, ఆ మాటకు తొందరపడి తల ఊపకూడదని.

క్రియాటినిన్ పుట్టేది కండలో. మామూలువాళ్లలో అది పెరిగితే కిడ్నీ చెడుతోందని అనుమానిస్తాం. కిడ్నీలు పూర్తిగా పని మానేసి, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు మిషన్ మీద బతికేవాళ్ల దగ్గర లెక్క తిరగబడుతుంది. డయాలిసిస్ ఎప్పటిలాగే జరుగుతూ అంకె మాత్రం నెలనెలా జారుతోందంటే, దాన్ని పుట్టించే కండే తరిగిపోతోందేమోనని చూసుకోవాలి. బరువును నమ్ముకుందామన్నా కుదరదు. కండ రెండు కిలోలు పోయి నీరు రెండు కిలోలు చేరితే కాటా ఏమీ చెప్పదు. కేసు షీటులో డ్రై వెయిట్, అంటే అదనపు నీరు లేనప్పటి బరువు, 52 అని రాసి ఉంటుంది, మనిషీ 52 దగ్గరే ఉంటారు. బీపీ మాత్రం దిగదు, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఆయాసం. బీపీ మాత్రలు ఒకటికి రెండవుతాయి.

కండ ఎందుకు పోతుందంటే, కారణాలన్నీ ఒకేసారి మీద పడతాయి. రక్తంలో ఆమ్లం పెరిగితే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. ఒంట్లో పైకి కనిపించని, ఎడతెగని వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉంటుంది. మిషన్ మీద ఉన్నంతసేపూ మలినాలతో పాటు కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలు కూడా కొట్టుకుపోతాయి. అందుకే డయాలిసిస్ మొదలయ్యాక మాంసకృత్తులు తగ్గించకూడదు, కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు తినమంటారు. మన దగ్గర జరిగేది దీనికి ఎదురు. పొటాషియం భయంతో టమోటా మానేస్తారు. రాష్ట్రంలోనే పేరున్న టమోటా మార్కెట్ ఊళ్లో ఉండి టమోటా ముట్టని బతుకు! అది సరే, తగ్గించుకోవాల్సిందే. ఆ తర్వాత ఫాస్ఫరస్ అని పప్పు, చెనక్కాయలు, రాగులు, పాలు ఒక్కొక్కటే వెళ్లిపోతాయి. చివరికి కంచంలో మిగిలేది తెల్లన్నం, ఇంత నీళ్ల చారు. ఏం తినకూడదో చెప్పేవాళ్లు ఇంటినిండా ఉంటారు, ఏం తినాలో చెప్పేవాళ్లే కరువు.

సత్తువను కొలవడానికి నా దగ్గర ఉన్నవి మూడే. చేతిపట్టు చూసే డైనమోమీటర్, ఒక ప్లాస్టిక్ కుర్చీ, వరండాలో సుద్దముక్కతో గీసిన ఆరు మీటర్ల గీత. ఫిస్టులా (డయాలిసిస్ సూదులు గుచ్చడానికి కలిపిన రక్తనాళం) లేని చేత్తో, మిషన్ ఎక్కకముందే డైనమోమీటర్‌ను పిసకమంటాను. దిగాక చూస్తే ఆరోజు అలసటే కనిపిస్తుంది. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న హద్దు ప్రకారం మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోల కంటే తక్కువ వస్తే కండబలం తగ్గినట్టు. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పట్టినా అంతే. నడక సెకనుకు మీటరు కంటే తగ్గకూడదు.

పిసకమంటే అందరూ పిసకరని నాకెవరూ ముందు చెప్పలేదు. ఒకాయన వేళ్లు అలా ఆనించి ఊరుకున్నాడు. పక్కకు పిలిచి అడిగితే, "గట్టిగా పిసికితే పింఛన్ తీసేస్తారేమో కదా మేడమ్" అన్నాడు. డయాలిసిస్ రోగులకు ప్రభుత్వమిచ్చే నెలకు 10,000 మీద ఇల్లు నడుస్తుంటే ఆ భయంలో తప్పేముంది? ఆ పింఛను డయాలిసిస్‌కేనని, ఈ కాగితం ఆఫీసులకు పోదని చెప్పాక మళ్లీ పిసికాడు. ముల్లు దాదాపు రెట్టింపయింది. ఆ రోజు నుంచి ముందు ఆ మాట చెప్పి, తర్వాతే యంత్రం చేతికిస్తున్నాను.

కండబలం ఒక్కటే చూస్తే చాలదు, మొత్తం మనిషి ఎంత డీలా పడ్డాడో చూడాలి. డాక్టర్లు ఫ్రెయిల్టీ అనేది దాన్నే. 2001లో అమెరికాలో లిండా ఫ్రైడ్ బృందం దానికి ఐదు గుర్తులు పెట్టింది. తెలియకుండా బరువు తగ్గడం, అలసట, చేతిపట్టు సడలడం, నడక మందగించడం, చేసుకునే పనులు తగ్గిపోవడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్, ఒకటో రెండో ఉంటే ఆ దారిన పడినట్టే. చివరి గుర్తు కోసం వాళ్లు వాడిన ప్రశ్నల్లో గోల్ఫ్ ఉంది, టెన్నిస్ ఉంది, లాన్ కొయ్యడం ఉంది. పుంగనూరు దగ్గరి పల్లె అవ్వను గోల్ఫ్ ఆడావా అని అడగమంటారా?

నేను సంగటి గురించి అడుగుతాను. ఎసట్లో బియ్యం ఉడికాక రాగిపిండి పోసి, నేల మీద గొంతుక్కూర్చుని, గిన్నె కదలకుండా గుడ్డతో అదిమిపట్టి ఉండకట్టకుండా తెడ్డుతో కెలకాలి. పిడికిలి, భుజం, నడుము అన్నిటికీ పనే. అయ్యాక గిన్నె పట్టుకుని లేవాలి, అది తొడల పని. నా మూడు పరీక్షలూ ఆ పొయ్యి దగ్గరే అయిపోతాయి.

"ఇంట్లో సంగటి ఎవరు కెలకతారవ్వా?"

"ఇంగెవురు, కోడలే. ఉగాది దాకా నేనే కెలకతాంటి. ఇప్పుడు తెడ్డు తిరగదు పాపా."

ఆమె చేతిపట్టు 11 కిలోలు. ఆ అంకె ఈరోజు సంగతే చెప్పింది, ఎప్పటి నుంచో అవ్వ చెప్పింది. ఫైలు వెనక్కి తిప్పితే క్రియాటినిన్ జారడం మొదలైందీ ఆ నెలల్లోనే. మగవాళ్లనైతే టమోటా బాక్సు బండికెత్తుతున్నారా, ఆవు పాలు ఎవరు పిండుతున్నారు అని అడుగుతాను. మానేసిన పని పేరు, మానేసిన నెల, ఈ రెండూ పెన్సిల్‌తో క్రియాటినిన్ పక్కన రాసుకుంటాను.

పని మానిపించేది జబ్బు ఒక్కటే కాదు, ఇంట్లోవాళ్ల ప్రేమ కూడా. "నువ్వు కూర్చోమ్మా" అని తెడ్డు లాక్కుంటారు. ఫిస్టులా చేత్తో బరువులు ఎత్తొద్దని డాక్టరంటే, ఆ చేతిని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లూ ఉన్నారు. విశ్రాంతే సగం మందన్న నమ్మకం ఈ ప్రాంతానికి పాతదే. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ శానటోరియం నడిచింది. గాలి, తిండి, పడకే ఆనాటి వైద్యం. క్షయ రోగుల మీద మద్రాసులో జరిగి 1959లో వెలువడిన అధ్యయనం, మందులు సరిగ్గా వాడితే ఇంట్లో ఉన్నవాళ్లకూ శానటోరియంలో ఉన్నవాళ్లకు దాదాపు సమానంగా నయమవుతుందని తేల్చింది. ఇళ్లలో ఉన్నవాళ్లు తిన్నది తక్కువ, తిరిగింది ఎక్కువ అయినా. అది వేరే జబ్బు, నిజమే. అయినా పడక మీది భక్తి మాత్రం మనల్ని ఇంకా వదల్లేదు.

జర్మనీలో వెయ్యి మందికి పైగా డయాలిసిస్ రోగులతో చేసిన అధ్యయనం 2023లో అచ్చయింది. మిషన్ మీద ఉండగానే వ్యాయామం చేయించారు. ఏడాదికి, నిమిషంలో కుర్చీలోంచి లేవగలిగే లెక్క సగటున 16 నుంచి 19కి పెరిగింది. చేయనివాళ్లలో 15 లోపుకు జారింది. మా దగ్గర సైకిళ్లు లేవు, చీలమండలకు ఇసుక సంచులు కట్టి కాళ్లు ఎత్తిస్తాం. మొదటి రెండు గంటల్లోనే చేయిస్తాం, తర్వాత బీపీ పడిపోవచ్చు. అవ్వకు తెడ్డు పూర్తిగా తిరిగి రాలేదు గానీ, కోడలు పిండి పోస్తుంటే తాను కెలకడం మొదలుపెట్టింది. కుర్చీ పరీక్ష 19 సెకన్ల నుంచి 15కి వచ్చింది.

అందరికీ ఇలా జరగదు. కుప్పం వైపు నుంచి వచ్చి ఇక్కడ కూతురింట్లో ఉంటున్న ఒకాయన ఒక్క రోజు కూడా వ్యాయామం ఎగ్గొట్టడు, అయినా అంకెలు దిగుతూనే ఉన్నాయి. గుడ్డు తెల్లసొన తినమంటే తింటున్నానంటాడు. కూతుర్ని అడిగితే తెలిసింది, పై వరసలో పళ్లు రెండే ఉన్నాయట, చికెన్ నమిలి పిప్పి ఊసేస్తాడట. కట్టుడు పళ్లు పెట్టాలంటే ముందు ఆ రెండూ తీయాలి. మిషన్‌లో ఇచ్చే హెపారిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి డయాలిసిస్ లేని రోజే తీయించుకోవాలి. పళ్ల డాక్టరు మంగళవారం రమ్మన్నారు.