మా పెరటి దడి

మా టైగర్ గొలుసు తెంపుకొని పక్కింటి పాపను పిక్క మీద కరిచిన రోజు మేము మరచిపోలేదు. గాయాన్ని సబ్బు నీళ్లతో పావుగంటసేపు కడిగి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి సూదులు వేయించాము. కుక్కకు టీకా వేయించి ఉన్నా పాపకు సూదులు మానరాదన్నారు డాక్టరుగారు. పాప తల్లి మాతో మాట మానేసింది. ఆమెది తప్పనలేము.

"కుక్కను ఎక్కడైనా వదిలేసి రండి" అన్నారు కొందరు. రోజంతా కట్టివేసినందువల్లనే దానికి అంత కోపం పెరిగిందని మాకు తోచింది. ప్రహరీ గోడకు స్తోమత లేదు. కనుక పెరటికి దడి కట్టాము.

సరుగుడు గుంజలను నాలుగడుగులకొకటి చొప్పున, అడుగున్నర లోతున పాతాము. చెద పట్టకుండా నేలలో దిగే భాగానికి ట్రాక్టరు షెడ్డులో అడిగి తెచ్చిన కాలిన ఆయిలు పూశాము. వెదురు బద్దలు అడ్డంగా కట్టి, తాటిమట్టలు నిలువుగా, దగ్గర దగ్గరగా బిగించాము. మట్టల అంచున రంపపు పళ్లుంటాయి, ముందే కత్తితో చెక్కుకోవాలి. మా చేతులు కోసుకున్నాకే అది గుర్తొచ్చింది! డబ్బు పెట్టింది గుంజలకు, కట్టుతీగకే.

మూడో రోజున టైగర్ దడి కింద తవ్వుకొని బయటపడింది. అదృష్టం, వీధిలో పిల్లలెవరూ లేరు. ఆ సాయంత్రమే దడి వెంట లోపలివైపు జానెడు లోతు కాలువ తీసి, రాళ్లు, పగిలిన పెంకులు నింపి మట్టి కప్పాము. మళ్లీ తవ్వలేదు.

మొన్న పాప దడి సందులోంచి టైగర్‌ను పేరు పెట్టి పిలుస్తోంది. వాళ్లమ్మ వాకిట్లో నిలబడి చూసింది. పాపను వెనక్కి పిలవలేదు.