గుట్టకు కాపలా... చేనుకు చలువ

తిరుపతిలో మదనపల్లె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు... దక్షిణ రాయలసీమ కథంతా మూడు గంటల్లో కళ్లముందు కదిలిపోతుంది. ముందు శేషాచలం అడవులు. ఎర్రచందనానికి పుట్టినిల్లు. భాకరాపేట కనుమ మలుపులు దాటేదాకా రోడ్డుకు రెండువైపులా అడవే. పీలేరు, కలికిరి, వాయల్పాడు... ఒక్కో ఊరూ దాటేకొద్దీ చెట్లు పలచబడతాయి. గుండ్రాళ్లు పేర్చినట్లుండే గుట్టలు మొదలవుతాయి. వాటి కింద మామిడి తోటలు, టమోటా మళ్లు, అక్కడక్కడా నీళ్లు లేని చెరువులు.

ఆ గుట్టల్ని కాస్త పరికించి చూస్తే ఓ చిత్రం కనిపిస్తుంది. ఒక గుట్ట బోడిగా ఉంటుంది. దాని పక్కదే గడ్డితో, పొదలతో పచ్చగా ఉంటుంది. రెండింటిదీ ఒకే రాయి, ఒకే ఎర్రమట్టి. రెండింటి మీదా కురిసేది ఒకే వాన. మరి తేడా ఎక్కడ? చాలాచోట్ల ఆ తేడా గుట్టలో లేదు, దాని కిందున్న ఊళ్లో ఉంది!

అందరిదీ... ఎవరిదీ కానిదీ

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో గుట్ట అంటే ఒట్టి రాళ్లకుప్ప కాదు. అది ఊరి పశువులకు మేత, ఇంటి పొయ్యికి కట్టె, పూరింటి కప్పుకు బోదగడ్డి. వానాకాలం వెనకబడగానే సీతాఫలాలు. వరి మడిలో తొక్కించడానికి కానుగాకు. సెంటు భూమి లేని ఇంట్లో నాలుగు మేకలు బతికేదీ గుట్ట మీదే. చెప్పుకోదగ్గ పొడవూ ఎత్తూ లేని పుంగనూరు ఆవు ఇంత కరవు నేలలో నెగ్గుకొచ్చిందంటే కారణం అదే... దొరికిన గడ్డితోనే సరిపెట్టుకునే గుణం.

అయితే ఈ కొండల మీద పల్లె హక్కుకు పెద్ద చరిత్రే ఉంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవులు రిజర్వు కింద సర్కారు చేతిలోకి వెళ్లాయి. మేతకు పుల్లరి, కట్టెకు అనుమతి. రైతుల గోడు పెరగడంతో ప్రభుత్వం ఓ కమిటీ వేసింది. ఊరి అవసరాలు తీర్చే చిన్న అడవులను పంచాయతీలకే అప్పగించమని ఆ కమిటీ 1913లో సూచించింది. అలా మద్రాసు రాష్ట్రంలో అటవీ పంచాయతీలు పుట్టాయి. అయినా అసంతృప్తి చల్లారలేదు. సహాయ నిరాకరణ రోజుల్లో, 1921-22లో, పల్నాడుతో పాటు మదనపల్లెకు పొరుగునే ఉన్న రాయచోటి తాలూకాలోనూ అటవీ సత్యాగ్రహం జరిగింది.

రిజర్వు అడవి కాకుండా మిగిలిన గుట్టలు రెవెన్యూ లెక్కల్లో బంజర్లుగా, పోరంబోకులుగా ఉండిపోయాయి. అందరూ వాడుకునేవారే, అడిగేవారు లేరు. గొడ్డలి దెబ్బకు చెట్టు, మేకల నోటికి చిగురు, వానకు మట్టి... ఒకదాని వెంట ఒకటి పోయాయి.

పాల సంఘం బాటలో చెట్ల సంఘం

మలుపు గుజరాత్‌లోని ఆనంద్ నుంచి వచ్చింది. పాల సహకార సంఘాలను నడిపించిన జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1986లో చెట్ల పెంపకందార్ల సహకార సంఘాలకు శ్రీకారం చుట్టింది. మేత లేకపోతే పాడి ఎక్కడిది? అందుకే ఊరి బీళ్లను సంఘం చేతికిచ్చి గడ్డీ చెట్లూ పెంచాలన్నది ఆలోచన. ప్రయోగానికి ఎంచుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1988లో వీటికి జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఆ పని నుంచే 2001లో ఫౌండేషన్ ఫర్ ఎకొలాజికల్ సెక్యూరిటీ పుట్టి, మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఉమ్మడి భూములను బాగుచేసే పనిని కొనసాగించింది. అటు రిజర్వు అడవుల్లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి. 2002లో అదే సామాజిక అటవీ యాజమాన్య పథకమైంది.

ఈ ప్రయాణంలో పల్లెలు నేర్చుకున్న మొదటి పాఠం... సంఘం కొందరిదైతే కంచె నిలవదు. సభ్యత్వం లేనివాడికి ఆ గుట్ట పరాయిదే. అందుకే ఊళ్లోని ప్రతి ఇంటికీ, ఆడవారికీ మగవారికీ చోటుండాలన్న మాట వచ్చింది. నియమాలు కష్టమైనవేమీ కాదు. గుట్ట మీదికి గొడ్డలి తీసుకెళ్లకూడదు. ఎండుకట్టె ఏరుకోవచ్చు. గడ్డి కోసుకెళ్లొచ్చు కానీ చిగురు లేచేదాకా మేకల్ని తోలకూడదు. తప్పు చేస్తే తప్పు కట్టాలి.

చెప్పడానికి తేలికే. మేకలే జీవనాధారమైన ఇంటికి మాత్రం రెండు మూడేళ్లు గుట్ట మూతపడటమంటే కడుపు మీద దెబ్బే. అందుకే గుట్టనంతా ఒకేసారి మూయకుండా ఒక భాగం కాపాడి, ఒక భాగం మేపుకు వదిలిన చోటే ఆ మాట నిలబడుతుంది. పేదవాడికి దారి చూపని కట్టుబాటును రాత్రిపూట ఎవరో ఒకరు దాటక మానరు.

మోడులోనే మొలక

రెండో పాఠం ఇంకా విచిత్రమైంది. గుట్ట పచ్చబడాలంటే అన్నిచోట్లా మొక్కలు నాటక్కర్లేదు! నరికేసిన చెట్ల వేళ్లు, మోళ్లు నేలలో బతికే ఉంటాయి. గొడ్డలినీ మేకనూ కాస్త ఆపితే వానకు అవే చిగురిస్తాయి. మొదట గడ్డి, తర్వాత పొదలు, ఆపైన చెట్లు. ఆఫ్రికాలోని నైజర్‌లో 1980ల నుంచి రైతులు చేసిందీ ఇదే. చేలల్లోని మోళ్లకు లేచిన పిలకల్ని కాపాడుకుని దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లను తిరిగి నిలిపారు. నేపాల్‌లో 1993 చట్టం అడవిని వాడుకునేవారి సంఘాలకే అప్పగించింది. ఇప్పుడక్కడ అలాంటి సంఘాలు 22 వేలకు పైగా ఉన్నాయి.

అంత దూరం ఎందుకు? మదనపల్లెకు దగ్గర్లోనే రిషివ్యాలీ ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1926లో బడికోసం ఎంచుకున్న ఈ లోయ అప్పట్లో మోడువారిన నేలే. ఏళ్ల తరబడి చెట్లు పెంచి, చుట్టూ కొండల్ని కాపాడితే లోయ రూపే మారిపోయింది. 1991లో దాన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప మరెక్కడా కనిపించని పసుపు గొంతు పిగిలిపిట్ట అక్కడ కనిపిస్తుంది. కాస్త దూరంలోనే హార్స్‌లీ హిల్స్. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. చల్లగాలి కోసం అక్కడికెళ్లేవారు దారిలో ఓ పూట ఆగి ఈ గుట్టల్నీ చూడొచ్చు.

గుట్ట కింద చేను

గుట్టకూ చేనుకూ ఏమిటి సంబంధం? బోడిగుట్ట మీద పడిన వాన ఒక్క ఉరుకున వంకలోకి దిగుతుంది. మట్టిని మోసుకెళ్లి చెరువులో పోస్తుంది. గడ్డి ఉంటే అదే వాన నిదానిస్తుంది. నేలలోకి ఇంకుతుంది. కింది బావుల్లో ఊట నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. గుట్ట మీద మేసిన ఆవు పేడ, పంచితమే చేనుకు ఘనజీవామృతం, ద్రవజీవామృతం. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి సాగులో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాదంతా పచ్చగా ఉంచాలంటారు. ఒట్టి వేరుశనగనే నమ్ముకుని వాన ముఖం చాటేసిన ప్రతిసారీ దెబ్బతిన్న ఈ సీమకు ఆ మాట బాగా అర్థమవుతుంది. కానీ పశువు లేకుండా ఆ సాగు లేదు. మేత లేకుండా పశువు లేదు.

ఇక్కడే అసలు చిక్కు. ఊరంతా కలిసి గుట్ట మీద ఇంకించిన నీటిని ఒక్కరి బోరు తోడేస్తే? టమోటాకు ధర వచ్చిన ఏడు పోటీలు పడి బోర్లు వేస్తారు. వెయ్యి అడుగులు దాటినా నీటిచుక్క పడక అప్పులపాలైన కుటుంబాలు పడమటి మండలాల్లో ఎన్నో. బోర్ల అదుపుకు 2002లో వాల్టా చట్టం వచ్చింది. అయితే కాగితం మీది చట్టానికి కనిపించని నీరు ఊరి కళ్లకు కనిపించాలిగా!

అందుకో ఆట పుట్టింది. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ, ఫౌండేషన్ కలిసి రాష్ట్రంలోని పల్లెల్లో ఆడించారు. ఐదుగురు కూర్చుంటారు. ఎక్కువ నీరు తాగి ఎక్కువ డబ్బిచ్చే పంటా, తక్కువ నీటితో సరిపెట్టుకునే పంటా... ఏడాదికొకటి ఎంచుకోవాలి. అందరూ డబ్బు పంటే ఎంచుకుంటే కొన్ని ఏళ్లకే నీళ్లు అయిపోతాయి, ఆట ముగుస్తుంది. తర్వాత ఊరంతా కూర్చుని మాట్లాడుకుంటారు. నీరు బావిదో బోరుదో కాదు, నేలదన్న మాట అక్కడ నోట్లోంచి బయటికొస్తుంది.

ఉమ్మడి ఆస్తిని ఊరివాళ్లే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని జీవితమంతా పరిశోధించి చెప్పిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 2011 జనవరిలో ఉమ్మడి వనరులపై హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సుకు ఆమె వచ్చారు. అదే నెల 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. అయినా గుట్టలకు గండం తప్పలేదు. ‘బంజరు’ అని కాగితంలో రాసి ఉన్నంతకాలం దాన్ని గ్రానైట్‌కో, ఆక్రమణకో, మరో అవసరానికో అడిగేవారుంటారు. ఊరికి అది బంజరు కాదని రుజువు చేయాల్సిన భారం ఊరిదే.

ఆ రుజువు కోసం పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. తొలకరి గట్టిగా పడిన మర్నాడు వంక దగ్గర నిలబడితే చాలు. నీళ్లు ఎర్రగా పారితే గుట్ట కరిగిపోతోందన్నమాట. తేటగా, నెమ్మదిగా పారితే ఆ ఊళ్లో ఇంకా ఎవరో కాపలా ఉన్నారన్నమాట.