బొమ్మ పక్కన పేరు

మేమిద్దరం టీచర్లం. మాది మదనపల్లె దగ్గర సుగాలి తండా, పని చేసేది పుంగనూరు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో. మా మిత్రుడిది కుప్పం దగ్గర ఎరుకల కాలనీ, బడి కూడా అక్కడే. కార్వేటినగరం డైట్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని ట్రైనింగు చేశాం. ఇరవై ఏళ్ళు దాటినా, ఏడాదికొకసారి ఎక్కడికైనా కలిసి వెళ్ళే అలవాటు మాత్రం పోలేదు. 2023లో ఆ ప్రయాణం బెంగళూరుకు పడింది. చూసింది డిజిటల్ బొమ్మల ప్రదర్శన. ఇమ్మర్సివ్ షో అంటున్నారు. బొమ్మ ముందు నిలబడి చూడడం కాదు, బొమ్మ మధ్యలోకి పోయి నిలబడడం.

ఇలాంటివి ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నాయి. పారిస్‌లో 2018లో ఒక పాత ఇనుప పోత కర్మాగారాన్నే ఇలాంటి హాలుగా మార్చారు. 2023లో మన దేశంలో ముంబయి, ఢిల్లీ, చెన్నై, బెంగళూరు లాంటి నగరాలకు వచ్చినవి డచ్చి చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో బొమ్మలు.

మేము మదనపల్లెలో బస్సెక్కి చింతామణి మీదుగా వెళ్ళాం. మిత్రుడు కుప్పంలో రైలెక్కాడు. మెజెస్టిక్‌లో కలుసుకున్నాం. టికెట్టు ధర చూసి, "ఏమబ్బా, ఈ డబ్బుకు తండాలో ఒకింటికి వారం సరుకులొస్తాయే" అన్నాడు. నిజమే. ఆ లెక్క మనసులో పెట్టుకునే లోపలికి పోయాం.

లోపల చీకటి. ఉన్నట్టుండి నాలుగు గోడలూ నేలా వెలిగాయి. పొద్దుతిరుగుడు పూలు నేల మీద నుంచి గోడల పైకి పాకాయి. చిన్నపిల్లలు చుక్కల వెంట పరుగెత్తారు. మా యాడి తన ఫేటియా ఉతికి ఎండలో ఆరేస్తే, దాని అద్దాల వెలుతురు గుడిసె గోడ మీద చుక్కలు చుక్కలుగా ఆడేది. చిన్నప్పుడు మేమూ వాటిని పట్టుకోబోయినవాళ్ళమే.

టీచర్లం కదా, ఇదెలా జరుగుతోందో చూడకుండా ఉండలేకపోయాం. పైన వరసగా ప్రొజెక్టర్లున్నాయి. ఒక్కొక్కటి గోడలో ఒక్కో ముక్కను వెలిగిస్తుంది. రెండు ముక్కల అంచులు ఒకదాని మీద ఒకటి పడేచోట కంప్యూటరు వెలుతురు తగ్గిస్తుంది, అందుకే అతుకు కనబడదు. బొమ్మలోని ఆకాశాన్నీ చెట్టునూ మనిషినీ వేరు వేరు పొరలుగా విడదీసి కదిలిస్తారు. అసలు బొమ్మ అక్కడ ఉండాల్సిన పనే లేదు. గోడంతా తిరిగిన ఆ 'నక్షత్రాల రాత్రి' 1889లో వేసినది, ఇప్పుడు న్యూయార్క్ మ్యూజియంలో ఉంది. దాని వెడల్పు మీటరు కూడా లేదు, 92 సెంటీమీటర్లే.

ఆ తరువాత గోడ మీదికి 'బంగాళదుంపలు తినేవాళ్ళు' వచ్చింది. 1885 నాటి బొమ్మ. పైకప్పు నుంచి వేలాడే ఒక దీపం, దాని కింద బల్ల చుట్టూ ఐదుగురు పేదరైతులు. ఎముకలు తేలిన వేళ్ళు, మట్టిరంగు ముఖాలు. దాన్ని వేసే ముందు వాన్ గో ఒక చలికాలమంతా ఆ పల్లెలో రైతుల ముఖాలు నలభైకి పైగా వేశాడు. పళ్ళెంలో పెట్టిన ఆ చేతులే మట్టిని తవ్వి దుంపలు తీశాయని చూసేవాళ్ళకు తెలియాలన్నది తన కోరిక అని తమ్ముడు థియోకు ఉత్తరం రాశాడు. ఆ చేతులు ఇప్పుడు మా తల కంటే ఎత్తున ఉన్నాయి.

మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అడిగాడు: "ఇంత పెద్ద గోడ మీద మనోళ్ళ చేతులు ఎప్పుడన్నా చూసినామా?"

ఆ చేతులు మాకు తెలుసు. మదనపల్లె టమోటా మార్కెట్టు గురించి దేశమంతా తెలుసు. తోటల్లో కోతకు పోయే మా తండా ఆడవాళ్ళ చేతులకు టమోటా చెట్ల పసరు అంటుకుంటుంది. ముందు పచ్చగా ఉండి తరువాత నల్లబడుతుంది. సబ్బుకు తొందరగా వదలదు. ఆ కాయలు మోయడానికి ఒకప్పుడు బుట్టలు అల్లిన చేతులు మిత్రుడి కాలనీలో ఉన్నాయి. ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాక వాటికి పని తగ్గింది.

మనోళ్ళ బొమ్మలు ఎవరూ తీయలేదా అంటే తీశారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మనుషుల తలలూ ముక్కులూ పరికరాలతో కొలిచినవాడు ఆయన. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం తరువాతి కాలంలో ఎరుకలనూ పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. పేర్లు రిజిస్టర్లకెక్కాయి, వేలిముద్రలు తీసుకున్నారు, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఆ చట్టం పోయింది 1952లో. అంటే మనల్ని చూసినవాళ్ళు ఉన్నారు. మన పక్కన కూర్చుని, మన కష్టం కనబడేలా చూసినవాళ్ళే తక్కువ.

వాన్ గో సంగతి కొంచెం చెప్పాలి. ఆయన కొన్నాళ్ళు టీచరు. 1876లో ఇంగ్లండులోని రామ్స్‌గేట్‌లో ఒక బడిలో జీతం లేకుండా, తిండీ బసా ఇస్తే చాలని పాఠాలు చెప్పాడు. మన విద్యా వాలంటీర్ల బాధ ఆయనకూ తెలుసన్నమాట. 1890లో 37 ఏళ్ళకే పోయాడు. ఆరు నెలలకు తమ్ముడు థియో కూడా పోయాడు. మిగిలింది థియో భార్య జొహానా, చంకలో పసిబిడ్డ, ఇంటినిండా కొనేవాళ్ళు లేని బొమ్మలు, కట్టలుగా ఉత్తరాలు. ఆమె వాటిని పారేయలేదు. దాచింది, ప్రదర్శనలకు ఇచ్చింది, 1914లో ఆ ఉత్తరాలను అచ్చువేయించింది. వాన్ గో పేరు బెంగళూరు దాకా వచ్చిందంటే, ఆమె కూర్చుని జాగ్రత్త చేసినందువల్లే.

తిరుగు ప్రయాణానికి ముందు టీ తాగుతూ మేము మాట్లాడుకున్నది ఇదే. మన యాడీలు కుట్టినదాన్ని, మన తాతలు అల్లినదాన్ని దాచిపెట్టే జొహానా ఎవరు?

దీనిలో ఇంకో సంగతి ఉంది. మన దేశంలో చిత్రకారుడు పోయిన 60 ఏళ్ళ దాకా అతని బొమ్మల మీద కాపీరైటు ఉంటుంది. ఆ తరువాత ఎవరైనా వాడుకోవచ్చు. వాన్ గో బొమ్మలతో ఇన్ని షోలు రావడానికి అదొక కారణం. అయినా ప్రతి షోలో ఆయన పేరు ముందుంటుంది. మన కుట్టుకూ అల్లికకూ ఇన్నాళ్ళూ ఎవరి పేరూ రాయలేదు. రేపు ఎవరైనా మా అద్దాల పనిని ఫోటో తీసి హాలు గోడలకు వెలిగించి టికెట్టు పెడితే, అది ఎవరి చేతిపని అని అడగడానికి మన దగ్గర కాగితం ముక్క కూడా లేదు.

కొందరు దారి చూపించారు. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. కిలన్, వేలే, నక్రా లాంటి 14 రకాల కుట్లను పేర్లతో సహా నమోదు చేశారు. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు చేసిన 1,755 వస్తువులను ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు అందుకున్నారు. అది మనవాళ్ళ సూదిపని. మన తండాల్లోనూ ఆ సూది ఇంకా కదులుతోంది.

మేము చిన్నగా మొదలుపెట్టాం. పక్క హైస్కూలు నుంచి ప్రొజెక్టరు అడిగి తెచ్చాం. తరగతి గోడకు తెల్లపంచె కట్టి, కిటికీలకు దుప్పట్లు వేశాం. తండాలో ఇల్లిల్లూ తిరిగి, అడిగి, ఫేటియాల, కాంచళుల ఫోటోలు ఫోనులో తీశాం. ఒక పెద్దామె, "ముఖం వద్దు నాయనా, కుట్టు తీసుకో" అంది. అలాగే తీసుకున్నాం. పంచె మీద ఆమె కుట్టు వెలగగానే, తెలుగు పీరియడులో నోరు విప్పని నాలుగో తరగతి పాప లేచి నిలబడింది. ఆ కుట్టు ఎవరిదో, ఏ పెళ్ళికి కుట్టారో, ఏ దారం ముందు పోవాలో గోర్‌బోలీలోనే చెప్పింది. మిగతా పిల్లలు అర్థం కానిచోట ఆమెనే అడిగారు. ఆ రోజు ఆ తరగతికి టీచరు ఆ పాపే.

కుప్పంలో మిత్రుడు ఒక తాతను బడికి పిలిపించి, పిల్లల ముందు బుట్ట అల్లించాడు. పిల్లలు ఆ చేతుల బొమ్మలు గీశారు. "సార్, కింద ఎవరి పేరు రాయాలి? గీసిన నాదా, అల్లిన తాతదా?" అని ఒకడు అడిగాడట. రెండూ రాయించాడు.

తోటి టీచర్లకు మేము చెప్పేది పెద్ద పనేమీ కాదు. ఒక నోటుపుస్తకం పెట్టండి. చేసినవాళ్ళ పేరు, ఊరు, ఏ సంవత్సరం, ఎవరి కోసం చేశారు, మన భాషలో దాన్ని ఏమంటారు, ఈ ఐదూ రాయండి. ఫోటో తీసే ముందు అడగండి. వద్దంటే వదిలేయండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఫోన్లు మీ చేతుల్లో ఉన్నాయి. రీలు పెట్టే ముందు, ఆ కుట్టు కుట్టిన అవ్వ పేరు కింద రాయండి.

మా బడి పుస్తకంలో ఇప్పటికి 31 పేర్లున్నాయి. కుప్పం పుస్తకంలో 12. మీ ఊళ్ళో మొదటి పేరు ఎవరిదో, ఈ సాయంత్రం ఇంటికి పోయి అడగండి.