నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి

"నాలుగు లైట్లూ వెలుగుతున్నయన్నా, స్క్రూ సగం దిగంగనే మిషన్ ఆగిపోతున్నది."

రాణిగంజ్‌లో మా రిపేరు దుకాణం షట్టర్ ఎత్తీ ఎత్తకముందే వినిపించిన మాట ఇది. వచ్చినాయన పాతికేళ్ల వడ్రంగి. మియాపూర్ వైపు ఫ్లాట్లలో మాడ్యులర్ కిచెన్ల పని చేస్తాడు. చేతిలో ఇంపాక్ట్ డ్రైవర్, దానికి ఒక్కటే బ్యాటరీ. శనివారం మధ్యాహ్నం నుంచి సతాయిస్తోందట. ఇద్దరికి చూపిస్తే ఒకరు మోటార్ పోయిందన్నారు, ఒకరు స్విచ్ అన్నారు. "బ్యాటరీ మాత్రం మంచిగనే ఉందన్నా, చూడు" అని బటన్ నొక్కి చూపించాడు. నిజమే, నాలుగూ పచ్చగా వెలిగాయి.

ఇలాంటప్పుడు నేను వెంటనే మిషన్ విప్పను. ఎక్కువగా వచ్చే మోడళ్లకు మంచిదని తెలిసిన బ్యాటరీ ఒకటి, మంచిదని తెలిసిన మిషన్ ఒకటి దుకాణంలో ఎప్పుడూ ఉంచుకుంటాను. నా బ్యాటరీ ఆయన మిషన్‌కు తగిలించి, బల్ల మీదున్న టేకు ముక్కలోకి మూడంగుళాల స్క్రూ ఎక్కించాను. తల మునిగేదాకా దించింది. ఆయన బ్యాటరీ నా మిషన్‌కు పెట్టాను. సగం దిగి ఆగింది. రెండు నిమిషాల పని. మోటార్, స్విచ్, బోర్డు, గేర్లు అన్నీ అనుమానంలోంచి బయటపడ్డాయి. ఈ రెండు నిమిషాలు పెట్టకుండా మిషన్ విప్పేసిన వాళ్ల చేతుల్లోంచి, స్ప్రింగులు పోయి, సగం స్క్రూలతో మా దగ్గరికి వచ్చే మిషన్లు ఎన్నో.

నేను పని నేర్చుకునే రోజుల్లో వైరు లేని మిషన్ మా బల్ల మీదికి రాలేదు. మా ఉస్తాద్ దగ్గర పగలంతా ఆర్మేచర్లకు రాగితీగ చుట్టడమే. ఆయన మిషన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని రోగం చెప్పేవాడు. కాలిన వార్నిష్ వాసన వస్తే వైండింగ్ పోయినట్టు. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు గిర్రున తిరిగితే ఆర్మేచర్ షార్ట్. ఆగి ఆగి తిరుగుతుంటే ముందు కార్బన్లు చూసేవాడు. రోగం కంటికో ముక్కుకో తెలిసేది. బ్యాటరీ మిషన్‌లో అట్లా కాదు, వాసన లేకుండానే పోతుంది.

మొదట్లో నేనూ పట్టుకోలేకపోయాను. పటాన్‌చెరు నుంచి ఫాల్స్ సీలింగ్ చేసే ఒకాయన ఇదే కంప్లైంట్‌తో డ్రిల్ తెచ్చాడు. బ్యాటరీకి మీటర్ పెడితే 19.8 వోల్టులు చూపించింది. బ్యాటరీ బాగుందని చెప్పి, స్విచ్ మార్చి, డబ్బులు తీసుకుని పంపేశాను. మర్నాడు బస్సు దిగి మళ్లీ వచ్చాడు. కోప్పడలేదు. మిషన్ బల్ల మీద పెట్టి ఊరికే నిలబడ్డాడు. రెండు రోజుల కూలి పోయింది ఆయనకు. స్విచ్ డబ్బులు వెనక్కిచ్చాను. ఆ కూలి మాత్రం నేనెక్కడి నుంచి తెచ్చివ్వను?

ఆ సాయంత్రమే కారు హెడ్‌లైట్ బల్బులు నాలుగు కొనుక్కొచ్చాను. 12 వోల్టులు, 55 వాట్లవి. రెండేసి బల్బులు సీరీస్‌లో, ఆ రెండు జతలు పారలల్‌లో కలిపి ఒక చెక్కకు బిగించాను. 18 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ఏడెనిమిది ఆంపియర్ల కరెంటు లాగుతాయి. గట్టి చెక్కలోకి స్క్రూ దించే మిషన్ 20 ఆంపియర్లు దాటి కూడా లాగుతుంది కాబట్టి ఇదేమీ కఠిన పరీక్ష కాదు. అయినా చాలు. మీటర్ బ్యాటరీని పనిచేయించదు, ఊరికే తాకి చూస్తుంది. బ్యాటరీ మీది లైట్లు చెప్పేదీ పనిలో లేనప్పటి వోల్టేజీ సంగతే. అరుగు మీద కూర్చున్న మనిషి నాడి బాగానే కొట్టుకుంటుంది, బస్తా ఎత్తితే కదా దమ్ము తెలిసేది.

వడ్రంగి బ్యాటరీని ఆ చెక్కకు తగిలించాను. ఊరికే ఉన్నప్పుడు 20 వోల్టులు. బల్బులు వెలగ్గానే 17. బాగున్న బ్యాటరీ అయితే ఆ లోడ్ మీద 19 దగ్గర నిలబడాలి. "ఇంతకుముందు ఎవరైనా విప్పిన్రా?" అని అడిగాను. కొంచెం ఆగి, "ఆరు నెల్ల కింద ఒక దగ్గర సెల్స్ మార్పించిన్నన్నా" అన్నాడు.

అడుగున నాలుగు స్టార్ స్క్రూలు తీసి డొప్ప ఎత్తితే సంగతి బయటపడింది. లోపల ఐదు సెల్లు. అందులో మూడింటి తొడుగు ఒక రంగు, రెండింటిది ఇంకో రంగు. ఆ రెండింటి కొసల మీద సోల్డరింగ్ గడ్డలు. సెల్ కొసకు నేరుగా సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తే ఆ వేడి లోపలికి దిగి సెల్‌ను పాడుచేస్తుంది, అందుకే స్పాట్ వెల్డింగ్ చేస్తారు. ఒక్కో సెల్ కొలిచాను. లోడ్ లేనప్పుడు ఐదూ 4 వోల్టుల దగ్గరే ఉన్నాయి. బల్బులు వెలిగించి కొలిస్తే పాత మూడూ 3.8 దగ్గర నిలబడ్డాయి, మార్చిన రెండిట్లో ఒకటి 2.9కి, ఇంకొకటి 2.6కి జారిపోయాయి. సెల్ లోపలి నిరోధం చూపించే మిల్లీ ఓముల మీటర్ పెడితే పాతవాటికి 25 లోపల, వీటికి 140, 180.

మార్చిన ఆ రెండూ పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన సెల్లు. సైజు ఒకటే, 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. అందుకే 18650 అంటారు. మీద కెపాసిటీ 2600 అని కూడా ఉంటుంది, చూసినవాళ్లు ఎక్కువే కదా అనుకుంటారు. ఆయనకు ఇట్లా చెప్పాను: "కూజాల బిందెడు నీళ్లు పట్టినా మూతి సన్నం తమ్ముడూ. గ్లాసు నింపుతందుకు మంచిది. మంట ఆర్పాల్నంటే బొక్కెన కావాలె." ల్యాప్‌టాప్‌కు కొద్దికొద్దిగా కరెంటు చాలు. డ్రైవర్‌కు ఒక్కసారిగా కావాలి. అది ఇవ్వలేక రెండు సెల్లు కుప్పకూలితే బ్యాటరీని కాపాడే సర్క్యూట్ మిషన్‌ను ఆపేస్తోంది. ఆపకపోయి ఉంటే ఇంకా ప్రమాదం.

ఆయన మొహం చిన్నబోయింది. "అంటే నన్ను మోసం చేసిన్రా అన్నా?" చేసినాయన తెలిసి చేశాడో తెలియక చేశాడో నాకు తెలియదు. తెలియకుండా చేసినా ఈ పనిలో అది తప్పే.

మిగిలిన మూడు బాగానే ఉన్నా రెండే మార్చడానికి నేను ఒప్పుకోను. ఐదూ ఒకే రకం, ఒకే బ్యాచ్‌వి ఉండాలి. పాతవాటితో కొత్తవి కలిపితే పాతవి ముందు ఖాళీ అవుతాయి, మళ్లీ అదే గొడవ. 2500 కెపాసిటీ, 20 ఆంపియర్లు ఇచ్చే సెల్లు ఐదు తీసి, వోల్టేజీ, మిల్లీ ఓములు రెండూ సరిచూసుకుని, పట్టీలు కత్తిరించాను. నికెల్ పట్టీ కొనేటప్పుడు ఒక ముక్క గ్రైండర్‌కు ఆనించి చూస్తాను. రవ్వలు లేస్తే అది నికెల్ పూత పూసిన ఇనుము. వానాకాలం సైట్ మీద తుప్పు పడుతుంది, కరెంటూ సరిగ్గా మొయ్యదు. స్పాట్ వెల్డర్ టప్ టప్‌మని ఒక్కో కొసకు అతికిస్తుంటే ఆయన వంగి చూస్తున్నాడు. పక్కన ఇసుక బకెట్ ఎందుకన్నాడు. లిథియం సెల్ అంటుకుంటే నా దగ్గర అంతకుమించి ఏమీ లేదని చెప్పాను.

అతుకులు చల్లారేలోపు తన స్నేహితుడి బ్యాటరీ గురించి అడిగాడు. పని లేక నాలుగు నెలలు పక్కన పెడితే చార్జర్ తీసుకోవట్లేదట, వేరే బ్యాటరీ నుంచి వైర్లు కలిపి లేపొచ్చా అని. వద్దన్నాను, గట్టిగానే అన్నాను. సెల్ బాగా ఖాళీ అయి అట్లాగే పడి ఉంటే లోపలి రాగి కరిగి, చార్జ్ చేసేటప్పుడు ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. పైకి లేచినట్టే లేచి ఒకరోజు లోపలే షార్ట్ అవుతుంది. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలను పూర్తిగా ఖాళీ చేశాకే చార్జింగ్ పెట్టాలని పెద్దవాళ్లు నేర్పారు, ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. లిథియానికి అది పనికిరాదు. పక్కన పెట్టేముందు సగం చార్జ్ ఉంచితే చాలు.

ఎండాకాలం ఇంకో రకం ఫిర్యాదు వస్తుంది, చార్జర్ పోయిందని. స్లాబ్ మీద ఎండలో మండిన బ్యాటరీని తెచ్చి అట్లాగే చార్జర్‌లో పెడతారు. చల్లారేదాకా అది తీసుకోదు. తీసుకోకపోవడమే సరైన పని. నీడలో అరగంట పెట్టమని చెప్పి డబ్బులు తీసుకోకుండా పంపిస్తాను.

అన్నింటికన్నా నన్ను బాధపెట్టేది, బాగుచేయగలిగీ చేయలేకపోవడం. కొన్ని బ్యాటరీల్లో చిప్ ఉంటుంది, కొన్నిసార్లు చార్జింగ్ విఫలమైతే శాశ్వతంగా తాళం వేసేసుకుంటుంది. కొత్త సెల్లు వేసినా ఒప్పుకోదు. భద్రత కోసమే అంటారు కంపెనీవాళ్లు, ఒప్పుకుంటాను. కానీ లోపం సరిచేశాక ఆ తాళం తెరిచే దారి మాలాంటి వాళ్లకు ఇవ్వకపోతే, కూలీ మనిషి కొత్త బ్యాటరీ కొనాల్సిందే. ఆ బ్యాటరీ ధర ఒక్కోసారి మిషన్ ధరలో సగం. డబ్బా మీద రాసే వోల్టుల అంకెలు ఇంకో బాధ. 18 అని, 20 అని, 21 అని రాసినవన్నీ ఆ ఐదు సెల్ల బ్యాటరీలే. 3.6 చొప్పున లెక్కేస్తే 18, నిండా చార్జ్ అయినప్పుడు 4.2 చొప్పున 21. బజార్లో 48, 88 అని పెద్దక్షరాలతో వచ్చే మిషన్లు విప్పినా లోపల కనిపించేవి చాలాసార్లు ఆ ఐదే. ఆ అంకె చూసి అప్పుచేసి కొన్నవాళ్లకు నేను లోపలి సెల్లు లెక్కపెట్టి చూపిస్తాను.

మూడు గంటలకు వడ్రంగి బ్యాటరీ చార్జింగ్ నిండింది. బల్బుల చెక్కకు పెడితే 20.8 నుంచి 20కి దిగి నిలబడింది. టేకు ముక్క ఆయన చేతికే ఇచ్చాను. వరసగా ఆరు స్క్రూలు దించాడు. ఏడోది దించబోతుంటే చాలన్నాను, ముక్క పగిలిపోయేలా ఉంది. బ్యాటరీ అడుగున మార్కర్‌తో తేదీ రాశాను. కొత్తదాని ధరలో సగం కన్నా తక్కువే అయింది ఆయనకు.

పోతూ పోతూ, "ఆ తీసేసిన సెల్స్ నాకిస్తవా అన్నా, చార్జింగ్ టార్చ్‌ల వేస్కుంట" అన్నాడు. సోల్డరింగ్ దెబ్బ తిన్న రెండూ ఇవ్వనన్నాను. అవి పక్క డబ్బాలో వేశాను, ఈ-వేస్ట్ వాళ్లు తీసుకుపోతారు. పాత మూడిట్లో బాగున్నది ఒకటి మళ్లీ కొలిచి చూశాను. టార్చ్‌కు చాలు. ఆయన చొక్కా జేబులో బండి తాళంచెవులు గలగలమంటున్నాయి. అందుకని సెల్ రెండు కొసలకూ టేపు చుట్టి చేతిలో పెట్టాను.