4.20 అని ఎవరు చూశారు?

మా ఇంట్లో ఒక అద్భుతం ఉండేది. మా తాత జేబు గడియారం. ఆయన ప్రాణం పోయిన క్షణాన, తెల్లవారుజామున 4.20కి, అది ఆగిపోయిందని చెప్పేవారు. చిన్నాయన ఒకసారి ముళ్ళు తిప్పబోతే ఒక్క నిమిషం కూడా కదల్లేదట. "ఆయన పట్టుకున్నడు, ఇడువడు" అని నానమ్మ అనేదట. ఆ తర్వాత ఎవరూ దానికి కీ ఇవ్వలేదు. ట్రంకు పెట్టె అడుగున పడుకుంది.

మేము పద్మశాలీలం. ఊరు సిరిసిల్ల వైపు. తాత బొంబాయి మిల్లులో కొన్నాళ్ళు పనిచేసి తిరిగొస్తూ చోర్ బజార్‌లో ఆ స్విస్ గడియారం కొన్నాడు. 1978లో పోయాడు. ఆ మరుసటేడే మావాళ్ళు సూరత్ చేరారు. ఇప్పుడు మేమంతా కామ్‌రేజ్‌లో ఉంటున్నాం. హేతువాదినని చెప్పుకుంటూ ఇంట్లో ఉన్న అద్భుతాన్నే పరీక్షించకపోతే ఎలా? పోయిన వేసవిలో అమ్మను అడిగి గడియారం బయటికి తీశాను.

పాతకాలం గడియారాలకు కీ ఇవ్వడానికి, ముళ్ళు తిప్పడానికి విడిగా తాళంచెవి ఉండేది. 1840లలో ఏడ్రియన్ ఫిలిప్ అనే ఫ్రెంచి పనివాడు ఆ రెండు పనులూ తలమీది బొడిపెతోనే అయ్యేట్టు చేశాడు. బొడిపె లోపలికి ఉంటే కీ, బయటికి లాగితే ముళ్ళు. లాగినప్పుడు లోపల ఒక లివర్ తిరుగుతుంది. అది ఇంకో లివర్‌ని నెడుతుంది. అది జారే పళ్ళచక్రాన్ని ముళ్ళ చక్రాలవైపు తోస్తుంది. లాగిన బొడిపె అక్కడే నిలబడేట్టు పట్టి ఉంచేది ఒక సన్నని స్ప్రింగు.

ముళ్ళు కదలకపోవడానికి నేను అనుకున్న కారణం పళ్ళు అరిగిపోవడం. ఎంత గట్టిగా అనుకున్నానంటే, అలాంటి చక్రం కోసం రెండు ఆదివారాలు సూరత్ పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. మూఢనమ్మకం అంటే దేవుడి మీదే ఉండాలని లేదు. చూడకుండా నమ్మితే చాలు.

తర్వాత బుద్ధి తెచ్చుకుని, ముందు మెయిన్‌స్ప్రింగులో మిగిలిన బిగువు వదిలించి, ముళ్ళు, డయల్ తీశాను. పక్కింటి కాఠియావాడీ భాయి వజ్రాలు సానబెడతాడు. ఆయన పదింతలు చూపే కంటి అద్దం ఇచ్చాడు. అందులో చూస్తే పళ్ళన్నీ నిక్షేపంగా ఉన్నాయి. విరిగింది ఆ సన్నని స్ప్రింగు, మెడ దగ్గర. బొడిపె లాగగానే చక్రం సరైన చోటికే వెళ్తోంది. వదలగానే వెనక్కి వచ్చేస్తోంది. అయితే బొడిపెను బయటికి లాగి పట్టుకునే తిప్పితే? తిప్పి చూశాను. ముళ్ళ చక్రం హాయిగా తిరిగింది.

అమ్మకు చూపించాను. "మామ గట్లనే తిప్పుతుండె. రొమ్ముకు ఆనిచ్చుకోని, రెండు వేళ్ళతోని గుంజి పట్టుకోని" అంది. అంటే స్ప్రింగు తాత ఉండగానే విరిగింది. ఆయనకు కిటుకు తెలుసు, చిన్నాయనకు తెలియదు. ఒక అద్భుతం అక్కడితో సరి.

ఆ భాగం ఎక్కడా దొరకలేదు. ఉక్కు రేకు ముక్క తీసుకుని, మెత్తబరచి, ఆకురాయితో అరగదీసి ఆకారం తెచ్చాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. మొదటిది బిగించగానే పుటుక్కుమంది. ముంచిన ఉక్కు గాజులా పెళుసు. మళ్ళీ నెమ్మదిగా నీలిరంగు తేలేదాకా వేడిచేయాలి. అది చదివి కూడా తొందరపడ్డాను. రెండోది నిలిచింది.

శుభ్రం చేసి, నూనె వేసి, పూర్తిగా కీ ఇచ్చి వదిలితే 29 గంటలకు ఆగింది. మూడుసార్లు చూశాను. 29, 28, 29. అప్పుడు తట్టింది అసలు ప్రశ్న.

"అమ్మా, తాత ఎన్ని రోజులు మంచంల ఉన్నడు?"

"నాలుగు దినాలు. జెరం. ఆఖరి మూడు దినాలు తెలివి లేదు."

"గడియారానికి కీ ఎవరిచ్చిన్రు?"

"ఎవ్వలిస్తరు? ఎవ్వల్నీ ముట్టనిచ్చెటోడు కాదు."

"మరి 4.20 అని ఎవరు చూసిన్రు?"

"ఇంట్ల ఇంకో గడియారం యాడిది బిడ్డా? పంతులు టైము అడిగితె మీ నాయన గదే చూసి చెప్పిండు."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తాత ఆఖరి ఊపిరి వదలకముందే, ఒక రోజుకు పైగానే, ఆ గడియారం ఆగి ఉంది. ఆగిన గడియారం చూసి చావు వేళ చెప్పారు. ఆ తర్వాత రెండూ ఒకటే అని ఆశ్చర్యపోయారు. కలవకుండా ఎలా ఉంటాయి? అది పగటి నాలుగో రాత్రి నాలుగో కూడా ఆ డయల్ చెప్పదు.

ఇది ఇంతటితో అయిపోతే నవ్వుకునేవాణ్ణి. కానీ పంతులు టైము ఊరికే అడగలేదు. ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా చనిపోతే ఇంటికి దోషమంటారు. 4.20 అంటే ఇంకా రేవతే అన్నాడట. పొద్దెక్కాక అయితే అశ్విని, ఏ దోషమూ లేదట. మూడు నెలలు ఇల్లు మూయమన్నాడు. ఇంట్లో ఉన్నది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటను ఎత్తుకుపోలేం కదా. మూడు నెలలు నేత లేదు. అప్పు తెచ్చి తిన్నారు. అది తీరక మా నాయన సూరత్ రైలెక్కాడు.

"మామ పోయినప్పుడు నేను వాకిట్ల సానుపు జల్లుతున్న. తెల్లారింది" అంది అమ్మ, చాలాసేపటికి.

ఇన్నేళ్ళ తర్వాతి జ్ఞాపకం గట్టి ఆధారం కాదు. అప్పుడు ఏ నక్షత్రమో నేను లెక్క వేయలేదు, వేయను కూడా. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అది ఆకాశం సంగతి, మగ్గం గుంట సంగతి కాదు. టైము సరిగ్గా చెప్పినా ఆ ఇల్లు మూయనక్కర్లేదు.

అమ్మ మాత్రం అడిగింది, "అయితే ఉత్తగనే మూసినమా?" అని. వాదాల్లో గెలవడం నాకు అలవాటే. ఆ రోజు అవునని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. చెప్పాను, చివరికి. ఆమె గడియారం తీసుకుని, బొడిపె లాగి, గోడ గడియారం చూసి టైము పెట్టుకుంది. ఇప్పుడు రోజూ పొద్దున ఆమే కీ ఇస్తోంది.

మిత్రులారా, ఇలాంటి కథ ఎవరు చెప్పినా ఎగతాళి చేయకండి. టైము ఏ గడియారంలో చూశారని మాత్రం అడగండి.