ఒణుకా, అదురా?

మా నాన్న పికప్ 2009 మోడల్. తెల్లారగట్ల బుడగట్లపాలెం ఒడ్డున చేపల పెట్టెలు ఎక్కించుకుని శ్రీకాకుళం మార్కెట్లో దింపుతుంది. ఆ కిరాయి డబ్బులతోనే నేను ఇంగ్లీష్ మీడియం చదివాను, ఇప్పుడు ఇక్కడ ఎచ్చెర్లలో సీఎస్‌ఈ చదువుతున్నాను. మొన్న వేసవిలో బండికి ఒక జబ్బు పట్టుకుంది. హైవే మీద 55 దాటితే మొదలవుతుంది, 60 దగ్గర బాగా ముదురుతుంది, 70 దాటిస్తే కొంచెం తగ్గుతుంది.

టైర్ల షాపుకి నాన్నతో నేనూ వెళ్ళాను. "సీటు కింద ఒణుకుతంది బాబూ" అని నాన్న మొదలుపెట్టాడు. నాకు నామోషీ అనిపించింది. నేనే ముందుకొచ్చి, "వైబ్రేషన్ వస్తోందండీ, హై స్పీడ్‌లో" అన్నాను. షాపతను వెంటనే "అయితే టైర్లే" అన్నాడు. వెనక రెండు కొత్త టైర్లు, నాలుగు చక్రాలకీ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్. మొత్తం 13,000. తిరిగొస్తుంటే కుశాలపురం దగ్గర ముల్లు 60కి రాగానే మళ్ళీ అదే. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇక నేనే కనిపెట్టాలనుకున్నాను. మెకానికల్ బ్రాంచి వాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, నా దగ్గరున్నది ఫోను, పైథాను మాత్రమే. ఫోన్లో కదలికని కొలిచే సెన్సర్ ఉంటుంది కదా. ఫోన్ని సీటు కింద రేకు మీద టేపుతో అంటించి, సెకనుకు 100 రీడింగుల చొప్పున రికార్డ్ చేశాను. రాత్రి దాన్ని ఎఫ్‌ఎఫ్‌టీలో వేస్తే 31 హెర్ట్జ్ దగ్గర కొబ్బరిచెట్టంత గీత లేచింది. అంటే బండిలో ఏదో సెకనుకు 31 సార్లు కొట్టుకుంటోంది.

ఆ రాత్రే లెక్క వేశాను. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. మా చక్రం ఒక చుట్టుకి 2.2 మీటర్లు పోతుంది. అంటే చక్రం తిరిగేది సెకనుకు ఏడున్నర చుట్లే. 31కీ దానికీ పొంతన లేదు. 13,000 ఎందుకు తగలేశామో అప్పుడు అర్థమైంది. సరే, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిరుగుడు తీసుకెళ్ళే షాఫ్టు? మా బండి వెనక క్రౌన్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 10. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు షాఫ్టు 4.1 చుట్లు తిరుగుతుంది. ఏడున్నరని 4.1తో హెచ్చిస్తే దాదాపు 31. దొరికింది! అని లేచి ఒక్కడినే గంతులేశాను.

కానీ నాన్న నడిపింది నాలుగో గేర్లో. ఆ గేర్లో ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్టూ అన్నే తిరుగుతుంది. అంటే ఇంజిన్‌ది కూడా 31. దొంగలిద్దరూ ఒకే చొక్కా వేసుకున్నారు. "వైబ్రేషన్_ఫైనల్_2" అనే నా ఫైలు అక్కడితో చేతులెత్తేసింది.

పొద్దున్న నాన్నకి చెప్పాను. "దానికేటిరా" అని, ఖాళీ రోడ్డు చూసి 60కి తీసుకెళ్ళి, క్లచ్ తొక్కి న్యూట్రల్ చేశాడు. ఇంజిన్ గొంతు తగ్గిపోయింది. ఒణుకు మాత్రం అలాగే ఉంది.

"ఇంజిన్ పడుకుంది. ఇది పడుకోలేదు. సూసీవా?"

"నీకు ముందే తెలుసా?"

"ముందు టైరైతే స్టీరింగు ఊగుతాది. యెనకటిదైతే నడుము ఊగుతాది. ఇంజినుదైతే అదురు, బండి నిలబెట్టినా అదురుతాది. గుంతలో పడితే కుదుపు. ఇది సన్నంది రా, ఒణుకు. కాలికి తెలస్తాది." నాన్న ఎప్పుడూ చెప్పులు విప్పే నడుపుతాడు.

"మరి షాపులో చెప్పలేదేం?"

"నువ్వు సెప్తన్నావు కదా."

ఊగుడు, అదురు, కుదుపు, ఒణుకు. ఈ నాలుగూ నాకు తెలిసిన మాటలే. నాలుగింటినీ కలిపి ఒక్క వైబ్రేషన్ చేసి అమ్మేసింది నేనే.

చిలకపాలెంలో నాన్నకి తెలిసిన మేస్త్రీ ఉన్నాడు. ఈసారి నేను నోరు మూసుకున్నాను. నాన్న రెండు ముక్కలు చెప్పగానే ఆయన బండి కిందకి దూరాడు. మా బండి షాఫ్టు పొడవెక్కువ కాబట్టి రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో దాన్ని ఒక బేరింగ్ మోస్తుంది, దాని చుట్టూ రబ్బరు. మేస్త్రీ షాఫ్టుని అరచేత్తో పైకి నెడితే అది ఊయల్లా ఊగింది. రబ్బరు చుట్టూ చిరిగిపోయింది, బేరింగ్ తుప్పు పట్టింది. చేపల పెట్టెల నుంచి కారే ఉప్పునీళ్ళే కారణమని మేస్త్రీ అన్నాడు. విప్పే ముందు రెండు ముక్కల మీదా సుద్దతో గీత గీశాడు. ఎందుకని అడిగితే, ఒక్క పన్ను పక్కకి బిగిస్తే కొత్త ఒణుకు పుడుతుందన్నాడు. సామానూ కూలీ కలిపి 2,200 అయింది.

సాయంత్రం హైవే ఎక్కాం. నేను ఫోను, టేపు తీశాను. "దాన్ని జేబులో పెట్టీ. బూట్లు ఇప్పు" అన్నాడు నాన్న. విప్పి రేకు మీద కాళ్ళు ఆనించాను. 50, 55, 60.

"ఏటి తెలస్తంది?"

"ఇంకా సన్నగా ఏదో ఉంది నాన్నా."

"అది రోడ్డురా."